బిల్లుకు పరుగు, బాకీకి నడక: ఉప్పల్, నాచారం లెక్కల సింహావలోకనం

హైదరాబాద్‌లో తార్నాక నుంచి వచ్చేవాళ్లకు హబ్సిగూడ చౌరస్తాలో నేరుగా పోతే ఉప్పల్, ఎడమకు మళ్లితే నాచారం. రెండూ పారిశ్రామిక వాడలే. రెండు చోట్లా బతుకు బిల్లుల మీదే. ఉప్పల్ ఐడీఏలో జెన్‌పాక్ట్ ఆవరణ ఉంది. విదేశీ కంపెనీలకు వచ్చే ఇన్‌వాయిస్‌లను సరిచూడటం, ఖాతాలకెక్కించడం, గడువు దాటకుండా చెల్లింపుకు పంపడం ఆ సంస్థ ప్రధాన వ్యాపారాల్లో ఒకటి. నాచారం ఐడీఏలో చిన్నచిన్న షెడ్లున్నాయి. లేత్ మీద విడిభాగాలు తీసేవాళ్లు, ప్లాస్టిక్ అచ్చులు పోసేవాళ్లు, అట్టపెట్టెలు చేసేవాళ్లు, మందుల ముడిసరుకు తయారుచేసేవాళ్లు. వీళ్లు రాసిన బిల్లుకు డబ్బు ఎప్పుడొస్తుందో వీళ్లకే తెలియదు. నాలుగైదు కిలోమీటర్ల ఎడంలో ఒకచోట ఎక్కడో అమెరికా కంపెనీ బాకీని వేళకు తీర్చిపెట్టే ఉద్యోగులు, ఇంకోచోట పక్క వీధి కంపెనీ బాకీ కోసం ఫోన్లు కొట్టే యజమానులు. ఎలక్ట్రానిక్ బిల్లు చరిత్రను ఈ తేడాను పక్కనపెట్టి చెబితే అది ప్రభుత్వ ప్రకటనలా ఉంటుంది.

కాబట్టి కాస్త వెనక్కి వెళ్దాం. ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ, అందరి నోటా ఏపీఐఐసీ, 1973లో ఏర్పడింది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి వాడల బాగోగులు దాని చేతికే వచ్చాయి. ఇవాళ్టికీ ఈ వాడల్లో ఆస్తిపన్ను వసూలు చేసేది ‘ఐలా’, అంటే పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థ. గేటు బయట ఇంటికి ఒక పన్ను కౌంటరు, లోపలి షెడ్డుకు ఇంకో కౌంటరు. ఈ చుట్టుపక్కల బిల్లుల కథ మొదటి నుంచీ ఇలా రెండు దారుల్లోనే నడిచింది.

విచిత్రం ఏమంటే కంప్యూటరు ఈ ప్రాంతానికి బయటి నుంచి వచ్చిన వస్తువు కాదు. నాచారం దాటి మల్లాపూర్, మౌలాలీ మీదుగా కొంచెం ముందుకు పోతే ఈసీఐఎల్. డాక్టర్ ఏ.ఎస్. రావు సారథ్యంలో 1967లో మొదలైన సంస్థ. 1969లో అక్కడ టీడీసీ-12 అనే డిజిటల్ కంప్యూటర్ తయారైంది. 1970ల మధ్యనాటికి టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. కంప్యూటర్లు చేసే ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న షెడ్లలో మాత్రం బిల్లు పుస్తకం, మధ్యలో కార్బన్ పేపరు, మూడు రంగుల కాయితాలు. తెల్లది కొన్నవాళ్లకు, గులాబీది లారీ డ్రైవరుకు, పసుపుది ఫైలుకు. సరుకుతో పాటు డీసీ వెళ్లాలి, అంటే డెలివరీ చలాన్. ఎక్సైజ్ కట్టే ఫ్యాక్టరీ అయితే గేట్ పాస్ కావాలి. 1994లో గేట్ పాస్ పద్ధతి పోయి ఇన్‌వాయిస్ వచ్చాకే ఎక్సైజ్ శాఖ వ్యాపారి రాసుకున్న బిల్లును సొంత పత్రంగా ఒప్పుకుంది. సేల్స్ ట్యాక్స్ వాళ్ల వే బిల్లులు వేరే. ఆ పుస్తకాలను కార్యాలయానికి వెళ్లి, సంతకం పెట్టి తెచ్చుకోవాలి. చెక్‌పోస్టులో లారీ ఆగిందంటే ఆ పుస్తకంలో ఒక అంకె తప్పు పడి ఉంటుంది.

డబ్బు చెక్కులో వచ్చేది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌లో వేస్తే ఊళ్లో చెక్కుకు క్లియరింగు, పైఊరి చెక్కుకు కలెక్షన్. రెండోదానికి వారాలు పట్టేది. నిజాం కాలంలో 1941 చట్టంతో పుట్టిన ఆ బ్యాంకు 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. పాత ఖాతాదారులు ఇప్పటికీ ఎస్‌బీహెచ్ అనే అంటారు. కిరాణా కొట్టులో అసలు బిల్లే లేదు. ఉద్దెర ఖాతా ఉండేది. జీతం పడగానే కొంత కట్టి, మిగతాది మళ్లీ రాయించుకునేవాళ్లు. ఆ ఉద్దెర పుస్తకం మీద నాకు గౌరవం ఉంది. అందులో అప్పిచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ ఒకరి ముఖం ఒకరికి తెలుసు, గడువు ఎప్పుడో ఇద్దరికీ తెలుసు.

ఇంటివాళ్లకు మాత్రం బిల్లంటే కరెంటు బిల్లే. మీటరు చూసి కార్డు మీద రాసిపోయే రోజుల తర్వాత స్పాట్ బిల్లింగ్ వచ్చింది. చేతిమిషన్‌తో వచ్చిన మనిషి గుమ్మం దగ్గరే చీటీ చించి ఇచ్చేవాడు. బిల్లు పుట్టడం తేలికైంది. కట్టడం కాలేదు. గడువు తేదీ ముందు రోజు కౌంటరు దగ్గర లైను, భోజనం వేళకు మూసే కిటికీ, చిల్లర లేదనే మాట. నీళ్ల బిల్లుకు ఇంకో చోటు, ఇంటిపన్నుకు మరో చోటు, ఫోన్ బిల్లుకు టెలిఫోన్ ఎక్స్ఛేంజీ. నెలలో కొన్ని పూటలు వీటికే పోయేవి. ఇంట్లో ఆ పని ఎక్కువగా రిటైరైన పెద్దల మీదో, కాలేజీ పిల్లల మీదో పడేది.

అప్పుడు వచ్చింది ఈసేవ. 1999 డిసెంబరులో బంజారాహిల్స్‌లో ‘ట్విన్స్’ పేరుతో ప్రయోగంగా మొదలై, 2001 ఆగస్టులో ఈసేవగా జంటనగరాలంతటా, ఆనుకుని ఉన్న రంగారెడ్డి జిల్లా ప్రాంతాల్లోనూ పాకింది. ఉప్పల్ అప్పుడు రంగారెడ్డి జిల్లాలోదే. చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి, ఐటీ శాఖ కార్యదర్శిగా జె. సత్యనారాయణ. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా, ఆదివారం కూడా కొన్ని గంటలు. ఏ కౌంటరులోనైనా ఏ బిల్లైనా. కట్టేవాడికి అదనపు రుసుము లేదు, ఒక్కో చెల్లింపుకు ఇంత అని శాఖలే నిర్వాహకుడికి ఇచ్చేవి. ఏసీ గది, కుర్చీలు, టోకెన్ నంబర్లు. ప్రభుత్వ కార్యాలయంలో తమను కూర్చోమన్నారని జనం చెప్పుకున్న కాలం అది.

ఈసేవను మెచ్చుకునేవాళ్లు మరిచిపోయే తేదీ ఒకటుంది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో, విద్యుత్ చార్జీల పెంపు మీద ఊరేగింపుగా వచ్చినవాళ్లపై పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. విద్యుత్ బోర్డు 1999లో రెండుగా చీలి, 2000 ఏప్రిల్‌లో డిస్కంలు, అంటే పంపిణీ సంస్థలు ఏర్పడ్డ సంస్కరణల ఊపులోనే ఆ పెంపు వచ్చింది. దాదాపు ఏడాదికి అదే బిల్లును హాయిగా కట్టుకునే గది తెరుచుకుంది. బిల్లు ఎంత అన్న ప్రశ్నకూ బిల్లు ఎలా అన్న ప్రశ్నకూ జవాబు చెప్పేది ఒకే ప్రభుత్వం. రెండో దానికి చక్కటి జవాబు చెప్పి, మొదటి దాన్ని మరిపించడం అప్పటి నుంచి అన్ని ప్రభుత్వాలకూ అలవాటైంది.

కౌంటరు వెనక కంప్యూటరు ఉన్నా, ఈసేవలో డబ్బు మాత్రం నోట్ల కట్టగానే వచ్చేది. నోటు లేకుండా సొమ్ము కదలాలంటే బ్యాంకుల మధ్య తీగలు కావాలి. ఆ తీగల పని చాలావరకు హైదరాబాద్‌లోనే జరిగింది, ఈ సంగతి నగరంలో చాలామందికి తెలియదు. రిజర్వు బ్యాంకు 1996లో మాసబ్‌ట్యాంక్ దగ్గర ఐడీఆర్‌బీటీ అనే సంస్థను పెట్టింది. 1999లో బ్యాంకుల సొంత నెట్‌వర్క్ ఇన్ఫినెట్‌ను అదే నిలబెట్టింది. ఒక బ్యాంకు కార్డుతో ఇంకో బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీసుకునే వీలు కల్పించిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ 2004లో అక్కడే మొదలై, 2009లో జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ చేతికి వెళ్లింది. పెద్ద మొత్తాలకు ఆర్‌టీజీఎస్ 2004లో, నెఫ్ట్ 2005లో వచ్చాయి. నాచారం యజమానికి అప్పటి నుంచి పైఊరి చెక్కు బెడద తీరింది. డబ్బు పంపాలనుకున్నవాడు అదే రోజు పంపగలడు. పంపాలనుకోవడమే ఇక మిగిలిన సమస్య.

ఆ తర్వాతి పదేళ్లు గబగబా చెప్పేస్తాను. 2005లో వ్యాట్. 2007 ఏప్రిల్‌లో ఉప్పల్ కలాన్, కాప్రా మున్సిపాలిటీలు జీహెచ్‌ఎంసీలో కలిసిపోయి ఇంటిపన్నుకు పీటిన్ నంబరు వచ్చింది. కరెంటుకు యూఎస్‌సీ, నీళ్లకు క్యాన్, పన్నుకు పీటిన్. ఈ మూడు నంబర్లూ ఫ్రిజ్ తలుపు మీద అంటించుకోని ఇల్లు తక్కువ. 2011లో మీసేవ వచ్చి, ఈసేవ పేరు క్రమంగా మరుగున పడింది. సర్టిఫికెట్లదే అక్కడ పెద్ద పని అయింది, బిల్లులు ఒక మూలకు జరిగాయి.

ఈ మధ్యలో మన నగరమే ఒక పాఠం చెప్పింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు లెక్కల్లో మోసం చేశానని లేఖ రాశాడు. ఏడు వేలకు పైగా దొంగ ఇన్‌వాయిస్‌లను కంపెనీ సొంత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే పుట్టించారని తర్వాత దర్యాప్తులో తేలింది. అవి మామూలు ఉద్యోగుల తెర మీద కనబడకుండా దాచే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. కాయితం బిల్లును కొట్టివేస్తే గీత మిగులుతుంది. తెర మీది బిల్లు నిజమో కాదో తెలియాలంటే అవతలివాడు కూడా దాన్ని తన దగ్గర చూసుకోగలగాలి. పదేళ్లు దాటాక వచ్చిన ఇ-ఇన్‌వాయిస్ పద్ధతి మూలసూత్రం ఇదే.

2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది. నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఉప్పల్ చౌరస్తాలో ఏటీఎంల ముందు లైన్లు కట్టిన జనంలో ఎక్కువమందికి యూపీఐ అనే మాట అప్పటికి తెలియదు. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం టీ-వాలెట్ తెచ్చింది. మంచి ఉద్దేశమే, అయితే ప్రైవేటు యాప్‌ల వేగం ముందు నిలవలేకపోయింది. అదే ఏడాది నవంబరు 29 నుంచి నాగోలు, ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ స్టేషన్లలో మెట్రో నడక మొదలైంది. కార్డు తాకిస్తే గేటు తెరుచుకోవడం ఇక్కడి జనానికి రోజువారీ అనుభవమైంది అక్కడే. తర్వాత టికెట్ క్యూఆర్‌గా ఫోన్లోకే వచ్చింది, 2022 నుంచి వాట్సాప్‌లో కూడా. వరంగల్ దారి పట్టేవాళ్లకు బీబీనగర్ దగ్గర గూడూరు టోల్‌గేటు ఫాస్టాగ్ నేర్పింది. 2020 జనవరి నుంచి యూపీఐ మీద వ్యాపారి దగ్గర కోత తీసేశారు. దాంతో ఉప్పల్ రింగ్‌రోడ్డులో మిర్చి బజ్జీల బండి కూడా మాట్లాడే పెట్టె పెట్టుకుంది. పది రూపాయలు వచ్చాయని అది గట్టిగా చెప్తుంటే, నలుగురి ముందు బాకీ పెట్టే వీలు కొనేవాడికి లేకుండా పోయింది. ఉద్దెర పుస్తకం సగం చచ్చిపోయింది ఈ పెట్టె వల్లే.

లాక్‌డౌన్ ఈ ఏర్పాట్లన్నిటికీ పరీక్ష. 2020 వేసవిలో మీటరు రీడింగు ఆగిపోయింది. కిందటేడు అదే నెలలో ఎంత కట్టారో అంతే కట్టమన్నారు. జూన్‌లో మనుషులు తిరిగొచ్చి ఒకేసారి మూడు నెలల రీడింగు తీసేసరికి బిల్లులు కొండెక్కి కూర్చున్నాయి. శ్లాబు మారిపోయిందని గోల, సగటు తీశామని సంస్థ జవాబు. బిల్లు ఫోన్లోకే వచ్చింది, ఫోన్లోనే కట్టొచ్చు. అది ఎలా లెక్కకట్టారో మాత్రం ఫోన్ చెప్పదు. 2022లో ‘ఈ రాత్రి 9.30కు మీ కరెంటు కట్ అవుతుంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అన్న దొంగ మెసేజీలకు ఎందరో దొరికిపోయారంటే కారణం అదే. బిల్లింగ్ యంత్రం మీద జనానికి భయం ఉంది, అవగాహన లేదు. లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకే రోజుల్లో ఈ మోసం సాగేది కాదు, ఆయన ముఖం వీధిలో అందరికీ తెలుసు. ఇలాంటి మోసం జరిగితే వెంటనే 1930కు ఫోన్ చేయాలన్న సంగతి ఇప్పటికీ అందరికీ తెలియదు.

2024లో రెండు చిత్రాలు. మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడిన అర్హులకు జీరో బిల్లు. కట్టాల్సింది సున్నా అని చెప్పడానికి కూడా మిషన్ చీటీ కొడుతుంది. జూలై 1 నుంచేమో ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎంలలో కరెంటు బిల్లు కట్టకండి, మా వెబ్‌సైట్‌లోనో మా యాప్‌లోనో కట్టండి అని దక్షిణ డిస్కం ప్రకటించింది. బిల్లు చెల్లింపులు భారత్ బిల్ పేమెంట్ సిస్టమ్ ద్వారానే సాగాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన దాని వెనక ఉంది. డిస్కం అందులో చేరాక దారి మళ్లీ తెరుచుకుంది. నిబంధన మంచిదే. ఏ యాప్‌లో కట్టినా ఒకే రకం రసీదు, ఒకే చోట ఫిర్యాదు. అయితే అప్పటికి ఎనిమిదేళ్ల కిందటే పుట్టిన ఆ వ్యవస్థలో రాజధాని నగరపు డిస్కం అప్పటిదాకా ఎందుకు చేరలేదో వినియోగదారుడికి ఎవరూ చెప్పలేదు.

ఏదేమైనా ఇంటివాడి కథ ఒక ఒడ్డుకు చేరింది. బిల్లు వచ్చిన నిమిషంలో కట్టేయగలడు, కట్టకపోతే కరెంటు పోతుంది. ఇప్పుడు నాచారం వైపు మళ్లుదాం.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టులు పోయాయి. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాల మధ్య, 15 నుంచి తెలంగాణ లోపల కూడా ఇ-వే బిల్లు తప్పనిసరి. 50 వేలు దాటిన సరుకు బండెక్కాలంటే ముందు పోర్టల్‌లో నంబరు పుట్టాలి. వే బిల్లు పుస్తకం కోసం తిరిగిన తరానికి ఇది నిజంగా పెద్ద ఉపశమనం, కాదనను. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలతో ఇ-ఇన్‌వాయిస్ మొదలైంది. ఆ గీత 100 కోట్లకు, 50కి, 20కి, 10కి దిగుతూ 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లకు వచ్చింది. అంటే నాచారంలో మధ్యరకం షెడ్డు కూడా ఆ వలలో పడింది. బిల్లు వివరాలు పోర్టల్‌కు పంపితే 64 అక్షరాల ఐఆర్‌ఎన్ సంఖ్య, క్యూఆర్ ముద్ర తిరిగొస్తాయి. అది లేనిదే బిల్లు బిల్లు కాదు. 5 కోట్లు దాటనివాళ్లు ఇప్పటికీ ట్యాలీలో కొట్టి, పీడీఎఫ్ వాట్సాప్ చేసి, ‘సార్, బిల్ పంపిన, చూడుండ్రి’ అని ఫోన్ చేస్తారు. అటువైపు అకౌంటెంటు ‘చూస్తా’ అంటాడు. ఆ ‘చూస్తా’కు గడువు లేదు.

ఇక్కడే లెక్క తిరగబడుతుంది. లక్ష రూపాయల సరుకు పంపితే 18 శాతం చొప్పున 18 వేల పన్ను. కొన్నవాడు డబ్బిచ్చాడా లేదా అన్నదానితో సంబంధం లేకుండా, నెలవారీ రిటర్ను వేసేవాడు మరుసటి నెల 20 నాటికి అది కట్టేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా వడ్డీ, రుసుము యంత్రమే వేస్తుంది. కొన్నవాడికి ఆ 18 వేలు క్రెడిట్‌గా తన తెర మీద కనబడతాయి, వాడేసుకుంటాడు. అమ్మినవాడికి డబ్బివ్వడానికి జీఎస్టీ చట్టం అతడికిచ్చిన గడువు 180 రోజులు. ఆలోగా ఇవ్వకపోతేనే క్రెడిట్ వెనక్కి కట్టాలి. ప్రభుత్వం వాటా 20వ తారీఖుకు, కొన్నవాడి లాభం వెంటనే, చేసినవాడి కూలి ఎప్పుడో. ముగ్గురి లెక్కా ఒకే క్యూఆర్‌లో ఉంది, వేగం మాత్రం ముగ్గురిదీ వేరు.

చట్టం లేదా అంటే ఉంది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. 2017లో సమాధాన్ పోర్టల్ పెట్టి ఫిర్యాదును ఆన్‌లైన్ చేశారు. ఫిర్యాదు చేసే ధైర్యాన్ని ఆన్‌లైన్ చేయలేకపోయారు. సగానికి సగం పని ఇచ్చే కంపెనీ మీద పోర్టల్‌కెక్కితే వచ్చే నెల ఆర్డరు ఉండదని షెడ్డు యజమానికి తెలుసు. 2023-24 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) వచ్చింది. గడువు దాటిన బాకీని, చెల్లించిన ఏడాది లెక్కలో తప్ప ఖర్చుగా చూపించుకోనివ్వదు. ఇన్నేళ్లలో కొనుగోలుదారుకు నిజంగా చురుక్కుమన్నది ఇదొక్కటే. ఆ ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి నెలాఖరులో పాత బాకీలు కదిలాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు) లేనివాళ్ల దగ్గరే కొనుక్కుంటామన్న బెదిరింపులు కూడా అప్పుడే వ్యాపార వర్గాల్లో వినిపించాయి.

ట్రెడ్స్ గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. చిన్నవాడి బిల్లును ఆన్‌లైన్‌లో వేలానికి పెడితే బ్యాంకు కొంత తగ్గించుకుని వెంటనే డబ్బిస్తుంది, గడువుకు కొన్నవాడి దగ్గర వసూలు చేసుకుంటుంది. రిజర్వు బ్యాంకు 2014లో నియమాలు పెట్టింది, 2017లో వేదికలు మొదలయ్యాయి. 500 కోట్లు దాటిన కంపెనీలు నమోదు కావాలని 2018లో, 250 కోట్లు దాటినవాళ్లూ కావాలని 2024లో కేంద్రం చెప్పింది. ఊహ అద్భుతం. మెలిక ఎక్కడుందంటే, బిల్లు సరైనదేనని కొన్నవాడు ఆ వేదిక మీద ఒప్పుకోవాలి. నమోదు తప్పనిసరి, ఒప్పుకోలు అతడి ఇష్టం. మళ్లీ ‘చూస్తా’.

నా తీర్పు ఇది. పాతికేళ్లలో ప్రభుత్వానికి రావలసిన ప్రతి బిల్లుకూ గడువు, వడ్డీ, కోత యంత్రంలోనే అమర్చారు. చిన్నవాడికి రావలసిన బిల్లుకు పోర్టల్ ఇచ్చి, దరఖాస్తు పెట్టుకోమన్నారు. సాంకేతికంగా ఇందులో చేయలేనిదేమీ లేదు. ఐఆర్‌ఎన్ పుట్టిన తేదీ పోర్టల్‌కు తెలుసు. 2024 అక్టోబరు నుంచి జీఎస్టీ పోర్టల్‌లో ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ఉంది, అందులో కొన్నవాడు బిల్లును ఒప్పుకుంటున్నాడో తిప్పికొడుతున్నాడో బటన్ నొక్కి చెప్పవచ్చు. సరుకు ముట్టనిదే క్రెడిట్ తీసుకునే వీల్లేదని చట్టమే అంటోంది. కాబట్టి క్రెడిట్ తీసుకున్నవాడు సరుకు ముట్టిందని సంతకం పెట్టినట్టే. ఆ సంతకాన్నే ట్రెడ్స్ ఒప్పుకోలుగా లెక్కగట్టాలి. ఆ తేదీ నుంచి 45 రోజులు దాటిన బాకీ మీద వడ్డీని, చిన్నవాడు నోరు తెరిచి అడగాల్సిన పని లేకుండా, యంత్రమే వేయాలి. 20వ తారీఖు దాటితే మన మీద వేస్తున్నది అదే యంత్రం.

నాచారం, ఉప్పల్, మల్లాపూర్, చర్లపల్లి పరిశ్రమల సంఘాలు రోడ్లు, డ్రైనేజీ, కరెంటు కోతల మీద వినతిపత్రాలు ఇస్తూనే ఉంటాయి. ఈసారి జీఎస్టీ కౌన్సిల్‌కు వెళ్లే రాష్ట్ర మంత్రి చేతిలో ఈ ఒక్క కోరిక కూడా పెట్టండి.